కోల్డ్ స్టోరేజీలో గుర్రపుదళం

మా తమ్ముడు పోయేనాటికి యుద్ధంలో వంతు వాడిది.

ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు. గుంటూరులో మా ఇంటి పైవాటాలో, భోజనాల బల్ల మీద, నిజంగానే ఒక యుద్ధం నడుస్తూ ఉండేది. ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన వంతెన, గోడలు, వాటి మధ్య బొటనవేలంత సైనికులు. అందరివీ పసుపుపచ్చ మొహాలే. జుట్టు కావాలంటే పెట్టొచ్చు, వద్దంటే ఊడదీయొచ్చు. ఎర్ర సైన్యం నాది, నీలం సైన్యం వాడిది. ఆ ఆదివారం నా వంతు ముగించి లేచాను. వాడు కాసేపు బల్లకేసి చూసి, "వచ్చేవారం చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు. వారం మధ్యలో మిర్చి యార్డులో, కాయలు కుక్కిన టిక్కీల పక్కన నిలబడి మాట్లాడుతూనే కూలిపోయాడు.

ఆ ఇటుకలు నిజానికి వాడి కూతురి కోసం కొన్నవి. అది చిన్నప్పుడు వాటితో ఒక ఇల్లు కట్టి, బాగుందనుకుని, మళ్ళీ ముట్టుకోలేదు. వాడు వదల్లేదు. అది పెరిగి ఉద్యోగంలో చేరేసరికి వాడికి రెండు సైన్యాలు, నాకు ఆదివారాల్లో పనీ ఏర్పడ్డాయి. నేను పెళ్లి చేసుకోలేదు. కింది వాటాలో ఉంటాను, భోజనం పైన. బల్ల యుద్ధానికి పోయాక అందరం నేల మీద బాసింపట్టు వేసుకునే తిన్నాం.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. యుద్ధాల గురించి చాలా చదివాను. వాడు మిర్చి కమీషన్ వ్యాపారి, పేపర్లో రేట్లు తప్ప ఏమీ చదివేవాడు కాదు. ప్రతిసారీ వాడే గెలిచేవాడు.

నియమాలు వాడివే. కాలిబంటు ఒక వంతులో జానెడు నడవొచ్చు, గుర్రం రెండు జానలు. వాడి జాన నా జానకంటే బాగా పెద్దదని నేను గొడవ చేశాక, వాడి భార్య, మా మరదలి కుట్టుమిషన్ మీది టేపు వచ్చింది. ఇద్దరు ఎదురుపడితే పాచిక వేసి తేల్చాలి. శత్రునాయకుణ్ణి పట్టుకున్నవాడిది గెలుపు. వాడి నాయకుడి శిరస్త్రాణం ఎప్పుడో సోఫా కిందికి పోయింది, అందుకని వంటవాడి టోపీ పెట్టాడు.

తుమ్ముల మీద కూడా ఒక నియమం ఉండేది. మిర్చి యార్డు నుంచి వచ్చినవాడి చొక్కాలో ఆ ఘాటు ఆదివారం దాకా ఉంటుంది. వాడు తుమ్మేవాడు, నేను తుమ్మేవాణ్ణి, బల్ల మీద బంటులు పడిపోయేవాళ్లు. తుమ్ముకి పడినవాళ్లు చచ్చినట్టు కాదు, లేపి నిలబెట్టుకోవచ్చు. అంతవరకూ న్యాయమే. కానీ బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము మంచిది కాదు కదా, కాబట్టి ఎవరైనా ఒక్కసారే తుమ్మితే ఆ వంతు దాడి ఆపి, మంచినీళ్లు తాగాలి. నేను వంతెన మీద అడుగుపెట్టబోయేసరికి వాడికి కచ్చితంగా ఒక్క తుమ్ము వచ్చేది.

"ఇంకోటి తుమ్మరా, జంట తుమ్ములవుతాయి."

"రావట్లేదు అన్నయ్యా. నీళ్లు తాగు."

ఆ యుద్ధాల్లో నేను తాగినన్ని నీళ్లు ఏ వైద్యుడూ తాగించలేడు.

వీటన్నిటికంటే పెద్దది వాడి కోట. ఎవరైనా కోట కడితే బురుజులు కడతారు. వాడు కోల్డ్ స్టోరేజీ కట్టాడు. కిటికీల్లేని పొడవాటి తెల్ల కట్టడం, ఒకటే తలుపు, అచ్చం ఊరి బయట రోడ్డు పక్కన ఉండేవాటిలాగే. పంట రాగానే అమ్మకుండా, రేటు వచ్చేదాకా మిర్చి దాచేది వాటిలోనే. వాడు తన గుర్రపుదళం మొత్తం అందులో పెట్టి పైకప్పు మూసేవాడు.

"ఒరేయ్, నీ బంటులు చస్తున్నారు. గుర్రాల్ని ఎప్పుడు తీస్తావు?"

"రేటు రానీ."

"యుద్ధంలో రేటేంట్రా?"

"దేనికైనా రేటుంటుంది. కళ్లంలోనే అమ్ముకున్నవాడెవడైనా బాగుపడ్డాడా?"

నేను అలిసిపోయి, నా సైన్యం చెల్లాచెదురయ్యాక, పైకప్పు తీసేవాడు. తరవాత పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆ చివరి యుద్ధంలో మాత్రం వాడు ఎక్కువసేపు ఆగాడు. నా వాళ్లు వంతెన దాటేశారు. వంటవాడి టోపీకి దగ్గరగా వచ్చేశారు. గుర్రాలు ఇంకా లోపలే ఉన్నాయి. నా జీవితంలో మొదటిసారి గెలవబోతున్నాను.

అలాంటప్పుడు వాడు పోయాడు.

కర్మకాండలు అయిపోయాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. బల్ల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. దుమ్ము పడకుండా నా తెల్లపంచె ఒకటి కప్పాను. మాసికానికి కనిగిరి నుంచి మా మేనత్త వచ్చింది. చీకటిగా ఉన్న ఆ గది తలుపు తీసి, లైటు వేసి, తెల్లగుడ్డ కింద ఎత్తుపల్లాలు చూసి గావుకేక పెట్టింది.

"ఒరేయ్ పెద్దాడా! ఇదెవర్రా ఇంకా?"

ఆ తరవాత పువ్వుల దుప్పటి కప్పాను.

ఎందుకు అలా ఉంచానంటే చెప్పడం కష్టం కాదు. వాడి వంతు పూర్తికానంత కాలం వాడు ఓడిపోలేదు. నాకు కావలసింది అంతే.

కానీ మా మరదలికి బల్ల కావాలి. ఆమెది చీరాల, మగ్గాల ఇల్లు. పెళ్లయినప్పటి నుంచీ చీరలు తెప్పించి అమ్ముతుంది, జాకెట్లు కుడుతుంది. ఇన్నేళ్లూ నేల మీద వంగి బట్ట కత్తిరించింది. ఇప్పుడు నడుం సహకరించడం లేదు. పైగా ఇల్లు ఇక ఆ పని మీదే నడవాలి.

"బావగారూ, యుద్ధమైనా చెయ్యండి, సంధైనా చేసుకోండి. నాకు బల్ల కావాలి."

"అలాగేనమ్మా. చూద్దాం."

"పోయిన వారం కూడా చూద్దామన్నారు."

"ఏడాది తిరగలేదు కదమ్మా. ఇంట్లో ఆటలూ అవీ..."

దొరికిన సాకు అది. మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు పండగ చెయ్యరు. దాన్ని ఇటుకల దాకా సాగదీశాను. కానీ సాకు చెప్పేముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకోవాల్సింది. మాసికానికి వచ్చిన మా అత్త ఇంకా వెళ్లలేదు. ఏది చెయ్యొచ్చో ఏది కూడదో మా వైపు ఆమె మాటే ఆఖరు.

"అది పండగా?" అంది అత్త.

"కాదనుకో."

"శుభకార్యమా?"

"కాదత్తా. యుద్ధం."

"మరింకేం? ఏడాదిలోపు పెళ్లి చెయ్యకూడదన్నారు, పేరంటం చెయ్యకూడదన్నారు. కొట్టుకోకూడదని ఎవరన్నార్రా? మీ నాన్న పోయిన నెలలోనే మీ బాబాయిలు గట్టు దగ్గర తలకాయలు పగలగొట్టుకున్నారు. ఎవరూ తప్పు పట్టలేదు."

"వాడి వంతు ఎవరు వేస్తారు?"

"నేను" అంది మరదలు.

ఆమె ఎప్పుడూ ఆడలేదు. కానీ పాతికేళ్లుగా ఆదివారం రాత్రి అన్నం తింటూ వాడు ప్రతి యుద్ధాన్నీ ఆమెకి మొదట్నుంచీ చెప్పాడు. నాకు తెలియని నియమాలు కూడా ఆమెకి తెలుసు. దుప్పటి మడిచి పక్కన పెట్టింది. టేపు మెళ్లో వేసుకుంది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. నేరుగా కోల్డ్ స్టోరేజీ దగ్గరికి వెళ్లి పైకప్పు ఊడబెరికింది.

"అమ్మా, అవి రేటు వచ్చేదాకా తియ్యనన్నాడు."

"ఇంకేం రేటొస్తుంది బావగారూ? మా ఇంట్లో మగ్గం మీంచి దిగిన చీర దిగినట్టే బజారుకెళ్లేది. దాచుకుంటే పురుగు పడుతుంది."

గుర్రాలు బయటికి వచ్చాయి. రెండే వంతుల్లో నా ఎడమవైపు సైన్యం పోయింది. వంతెన పోయింది. పాచిక ఆమె చేతిలో బుద్ధిగా పడింది. అత్త ఎవరి పక్షమో తెలియదు గానీ, ఎవడు పడినా "అయ్యో బిడ్డా" అంటూనే ఉంది. నేను మంచినీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకున్నాను. ఎవరూ తుమ్మలేదు.

అయినా లెక్క నాకు తెలుస్తూనే ఉంది. గుర్రాలు దూరం వెళ్లాయి. వంటవాడి టోపీ దగ్గర ఇద్దరే బంటులు. నేను కుడివైపు నుంచి వెళ్తే సరిపోతుంది. వెళ్లలేదు. నా నాయకుణ్ణి తెచ్చి, గుర్రాలకి ఎదురుగా, ఖాళీ మైదానంలో నిలబెట్టాను.

మరదలు టేపు కూడా తియ్యలేదు. నాకేసి చూసింది.

"ఏంటిది?"

"అటు నడిపించాను."

"ఓడిపోదామని చూస్తున్నారు."

నేను గ్లాసెత్తి మంచినీళ్లు తాగాను.

"ఆయన మిమ్మల్ని ఒక్కసారైనా వదిలిపెట్టారా? మీకు జ్వరంగా ఉన్న రోజు కూడా గెలిచి, కింద మీకు చారన్నం పంపమన్నారు. వెనక్కి తీసుకోండి. సరిగ్గా ఆడండి."

వెనక్కి తీసుకున్నాను. కుడివైపు నుంచి వెళ్లాను. ఆమె గుర్రాల్ని తిప్పింది. టేపు పరిచి కొలిచింది. మళ్ళీ కొలిచింది. గుర్రాలు నన్ను అందుకోవడానికి వేలెడు దూరం చాల్లేదు. నేను పాచిక వేశాను. వంటవాడి టోపీ ఊడి బల్ల మీంచి కింద పడింది.

అప్పుడు అత్త అంది.

"గెలిచావా? సంతోషమేనా? చచ్చినవాడి మీద గెలిచావు. సిగ్గులేకపోతే సరి."

"ఆయన మీద కాదు పిన్నిగారూ" అంది మరదలు, కింద పడ్డ టోపీ వెతుకుతూ. "నా మీద. ఆయనైతే గుర్రాల్ని అంత దూరం పంపేవారు కాదు."

అది నిజమే. నేను ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఇటుకలు విడదీశాను. కొన్ని ఏళ్ల తరబడి అతుక్కుపోయి ఊడలేదు, అత్త అట్లకాడతో ఊడదీసింది. సందుల్లోంచి ఎర్రటి కారం దుమ్ము రాలింది. మరదలు తడిగుడ్డతో బల్ల తుడిచి, ఆరేదాకా కూడా ఆగకుండా పాతపేపర్లు పరిచి, దాని మీద ఒక మంగళగిరి బట్ట విప్పింది. ఆకుపచ్చది, అంచు ఎరుపు.

"అమ్మా, నేను గెలిచాను" అన్నాను. ఎవరితోనైనా ఒకసారి పైకి అనాలనిపించింది.

"గెలిచారు" అంది, సుద్దముక్క చేతిలోకి తీసుకుని. "ఆ కొస పట్టుకోండి. గట్టిగా, ముడత లేకుండా."