ఫైరింగ్ లైన్‌లో తండ్రి చెయ్యి

బొగ్గు కంపెనీ భద్రతా విభాగంలో ఇన్‌స్పెక్టర్‌గా నా చివరి పోస్టింగు గోదావరిఖనిలో. ఆయుధాల బాధ్యత నాదే. ఆదివారాలు రైఫిల్ శిక్షణ మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. అది డ్యూటీ కాదు, జీతమూ లేదు. కాలనీలో మూతపడిన క్యాంటీన్ షెడ్డును వాడుకోమన్నారు. వెనక గోడకు ఇసుక బస్తాలు పేర్చి, పది మీటర్ల ఇవతల నేల మీద తెల్ల గీత గీశాం. అదే మా ఫైరింగ్ లైన్. వాడేది ఎయిర్ రైఫిల్. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును వదులుతుంది. చప్పుడు చిటిక వేసినంతే.

బొగ్గు గనుల్లో రైఫిల్‌తో పనేమిటని బయటివాళ్లు అడుగుతుంటారు. ఓపెన్‌కాస్టులో, అంటే నేల పైనుంచి తవ్వే గనిలో, బండను పగలగొట్టే మందుగుండును మ్యాగజైన్ అనే గోదాములో, కంచె లోపల దాస్తారు. అక్కడ కాపలా కాసే గార్డు ఫైరింగ్ పరీక్ష పాసవ్వాలి.

సమ్మక్క ఆ పరీక్షలో ఒకసారి తప్పి నా దగ్గరికి వచ్చింది. ఊరు కమాన్‌పూర్ దిక్కు. తండ్రి ఓదేలు ఓపెన్‌కాస్టులో షాట్‌ఫైరర్‌గా చేశాడు, అంటే మందుగుండు పేల్చే మనిషి. చెవులు పోయి మెడికల్ అన్‌ఫిట్ అయితే అతని బదులు కూతురికి గార్డు ఉద్యోగం వచ్చింది. అవ్వ అని పిలుచుకునే తల్లి చనిపోయింది. ఇంట్లో ఆ ఇద్దరే. మ్యాగజైన్ వాళ్లింటికి దగ్గర. మళ్లీ తప్పితే దూరపు ఏరియాలో గేటు డ్యూటీకి పంపుతారు.

మనిషి చురుకైనది. రైఫిల్ ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నట్టే చూడాలని, గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలని, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదని ఒక్కసారి చెబితే పట్టుకుంది. కానీ ట్రిగ్గరు నొక్కే క్షణానికి ముందే కళ్లు మూసుకునేది. భుజం ఎగిరేది. గుండు ఇసుక బస్తాలోకి పోయేది.

దీన్ని ఉలికిపాటు అంటాం. విరుగుడుగా మేం చేసే పని ఒకటుంది. కాల్చేవాళ్లకు చెప్పకుండా మధ్యమధ్య గుండు పెట్టని రైఫిల్ ఇస్తాం. చప్పుడు రాకపోయినా ఒళ్లు ఎగిరితే తప్పు ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది. సమ్మక్కకు తెలిసింది. తెలిసి ఏడ్చింది. ఆపడం మాత్రం చేతకాలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఓదేలు తోడు వచ్చాడు. సన్నటి మనిషి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. గోడ పక్కన కూర్చుని బిడ్డ గురి తప్పడమంతా చూశాడు. నేను ఆపమన్నాక లేచి వచ్చాడు.

"ఏమైతుంది బిడ్డా నీకు?"

ఆమె తండ్రి మొహం తన వైపు తిప్పుకుని, పెదవులు కనపడేట్టు నెమ్మదిగా చెప్పింది.

"మధ్యాహ్నం గనిల పేల్చే ముందు సైరన్ కూస్తే అవ్వ నన్ను ఒళ్ల పట్టుకొని కూసునేది నాయినా. ఇల్లంత అదిరేది. పేలినంక నువ్వు ఇంటికి వచ్చేదాక అవ్వ అన్నం తినకపోయేది. ఇప్పుడు వేలు పెడితే గదే యాదికొస్తది."

ఇంట్లో ఆ మాట ఓదేలుకు ఎవరూ చెప్పలేదని మొహం చూస్తేనే తెలిసింది.

"నేనొచ్చిన గదా బిడ్డా," అన్నాడు. "రోజు వచ్చిన గదనే."

తర్వాత నా వైపు తిరిగి, ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి పెట్టవచ్చా అని అడిగాడు. ఫైరింగ్ లైన్‌లో కాల్చే మనిషిని మరొకరు ముట్టకూడదన్నది గట్టి నిబంధన. గుండ్ల డబ్బా నా దగ్గర పెట్టుకుని, రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, సరేనన్నాను.

సమ్మక్క బోర్లా పడుకుంది. ఓదేలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె ట్రిగ్గరు నొక్కింది.

"ఉలిక్కిపడ్డవ్," అన్నాడు. చప్పుడు వినపడే మనిషి కాదు, చెయ్యికి తెలిసింది. "ఫికర్ లేదు. మెల్లగ ఊపిరి ఇడువు. మళ్ల."

ఆ పూటంతా అంతే. ఆమె నొక్కడం, అతను చెప్పడం. ఎండ షెడ్డులోకి వచ్చే వేళకు అతను ఉలిక్కిపడ్డవ్ అనడం మానేశాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.

తర్వాత కొన్ని ఆదివారాలు అలాగే సాగింది. ఖాళీ రైఫిల్‌తో తండ్రి పక్కన, గుండు పెట్టాక ఒక్కతే.

పరీక్ష అసలు రైఫిల్‌తో. చప్పుడు గుండెలదాకా తగులుతుంది. రేంజి లోపలికి బయటివాళ్లను రానివ్వరు కాబట్టి ఓదేలు గేటు బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపల పరిశీలకుల వరుసలో నిలబడ్డాను. మొదటి గుండు టార్గెట్ బయటికే పోయింది. సమ్మక్క రైఫిల్ దించి, నేలకు నుదురు ఆనించి, నింపాదిగా ఊపిరి వదిలింది. మిగతావన్నీ టార్గెట్ లోపలే పడ్డాయి. గొప్ప గురేం కాదు గానీ పాసవడానికి సరిపోయింది.

బయటికి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"కొట్టిన నాయినా."

ఓదేలు ఆమె చెంపకు అంటిన దుమ్ము తుడిచాడు. "పొద్దుగాల నుంచి ఏం తినలే నువ్వు," అన్నాడు. "పా, తిందాం." నన్ను కూడా లాక్కుపోయాడు.

ఉద్యోగమంతా నేను నేర్పింది ఆజ్ఞలతోనే. ఫైర్, స్టాప్, ఆయుధం దించు. క్రమశిక్షణకు అవి చాలు. భయపడే మనిషికి మాత్రం ముందు పక్కన ఒకరు కూర్చోవాలని ఆ ఏడాది తెలిసింది. అప్పటి నుంచి, రిటైరయ్యాక కూడా, ఆదివారాలు కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట చెబుతున్నాను: ఖాళీ రైఫిల్ సాధన రోజున ఇంటి నుంచి ఒకరిని వెంట తెచ్చుకోండి. కొందరు భార్యను తెస్తారు, కొందరు అన్నను. ఎవరూ లేనివాళ్ల పక్కన ఓదేలు కూర్చుంటాడు.