పిందెకు చూపిన వేలు

పక్కింటి పిన్నిగారు ఒంటరి మనిషి. కంచె సందులోంచి వచ్చి మా నూతిలో నీళ్ళు తోడుకునేవారు. ఒకరోజు బిందె చంకనెత్తుకుని, మా గుమ్మడిపాదు దగ్గర ఆగి, "అదుగో, తొలిపిందె! ముద్దొస్తోందబ్బాయ్!" అని వేలెత్తి చూపించారు.

గుమ్మడిపిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని మా కొవ్వూరులో చంటిపిల్లలకూ తెలుసు. చూపక తప్పకపోతే వేలు మడిచి చూపుతారు. మూడోనాటికి ఆ పిందె పసుపుబారి రాలింది.

దిష్టి పోవాలని రోజూ తెల్లవారుతూనే పాదు కింద పిడకలు రాజేసి, వేపాకూ ఎండుమిరపకాయలూ వేసి పొగ పెట్టాను. అయినా పిందె నిలవలేదు. పేడ వేశాను, నీళ్ళు తగ్గించాను. తీగ ఏపుగా పాకింది, కాయ మాత్రం లేదు. ఆవిడ నూతి దగ్గర ఆగితే ఎందుకు ఆగారని అనుమానం, ఆగకపోతే ఎందుకు తప్పుకున్నారని అనుమానం. చివరికి కంచె సందుకు ముళ్ళకంప అడ్డం పెట్టాను.

ఆవిడ ఏమీ అడగలేదు. మోకాళ్ళ నొప్పులతోనే బిందె మోస్తూ గోదావరి రేవుకు నడవసాగారు. నేను అరుగు మీంచి చూసి, తప్పు లేకపోతే అడిగేవారే కదా అనుకున్నాను.

కంచె దాటిన తీగ ఒకటి ఆవిడ తాటాకు కప్పెక్కింది. దానికి రెండు కాయలు కాశాయి. ఏదో చేశారని కోపంగా వెళ్ళాను.

"మా తీగ మీ ఇంటిమీదే కాస్తోందేంటండీ?"

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుందామన్నా, నీ వైపు కాయేదిరా నాయనా?" అని నవ్వారు. "పొద్దున్నే పువ్వు విచ్చే వేళకి పొగెడతావు. ఇంక తేనెటీగ ఎలా వస్తుంది? పోతుపువ్వు మీద వాలిన ఈగ పిందెపువ్వు మీద వాలాలి కదా. నీ పొగ నా కప్పు దాకా రాదు."

"మరి తొలిపిందె? మీరు వేలు చూపించారు!"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. తన వేలి వంక చూసుకున్నారు.

"తొలిపిందె నిలవకపోవడం మామూలేనయ్యా. దీనికా కంప?"

"పొగ సంగతి ముందే చెప్పలేదేమండీ?"

"చెబుదామనే వచ్చాను. కంప అడ్డమొచ్చింది."

ఆ సాయంత్రమే కంప తీసేశాను. పొగ మానేశాక వారం తిరక్కుండా పిందెలు నిలిచాయి. పిన్నిగారు మళ్ళీ నీళ్ళకు వచ్చారు. కానీ పాదు పక్కనుంచి వెళ్ళేటప్పుడల్లా కుడిచెయ్యి కొంగులో దాచుకునేవారు. అలా చెయ్యొద్దని చెప్పడానికి నాకు ఏనాడూ నోరు రాలేదు.