ఓడల జాడ చెప్పిన మా మేష్టారు

మా మిషను బడి మేష్టారు పోయారని, సంతనాడు కురుపాం నుంచి వచ్చిన మనిషి చెప్పాడు. భుజాన ఉన్న రాగుల మూట దించి అక్కడే కూలబడ్డాను. ఒంట్లో బాగోలేదని తెలుసు గానీ, మరీ ఇంత బేగి వెళ్లిపోతారనుకోలేదు.

మా కొండకి రాకముందు ఆయన ఎక్కడో దూరపు రేవులో వైర్‌లెస్ స్టేషనులో పనిచేశారు. మంచు కమ్మి దారి తెలియని ఓడ వైర్‌లెస్‌లో టకటకా కొడితే, ఒడ్డునున్న వీళ్లు తీగ చుట్టిన పెద్ద చట్రాన్ని మెల్లగా తిప్పేవారట. ఒకచోటికి తిరిగేసరికి చెవిలో చప్పుడు సన్నగిల్లిపోతుంది. దాన్నిబట్టి ఓడ ఏ వైపుందో, పటం మీద ఏ గీత మీద ఉందో తెలుస్తుంది.

"గీత తెలిస్తే సరా? ఆ గీత మీద ఎక్కడని వెతుకుతావు? అందుకే ఇంకోచోట ఇంకో స్టేషను. రెండు గీతలూ కలిసిన చోటే ఓడ. విమానాలకీ అంతే," అనేవారు. సాయంత్రాలు బడి అరుగు మీద మా పెద్దాళ్లని కూడా కూర్చోబెట్టి చెప్పేవారు. సముద్రమే చూడని మాకు ఈ ఓడల గోలేటని నవ్వుకునేవాళ్లం.

ఓ చలికాలం విస్తళ్లు కుట్టే అడ్డాకులకని వెళ్లిన మా అమ్మ మంచులో దారి తప్పింది. పొద్దు వాలుతోంది, చలి కొరికేస్తోంది. దూరంగా ఆమె కేక వినబడింది. కేక వింటే తిరిగి కేకెయ్యడం మా కొండ మర్యాద. ఇంకేం, ఊరు ఊరంతా నలువైపుల నుంచీ అరిచింది. పాపం అమ్మ ప్రతి కేక వైపూ నడుస్తోంది. గొంతు కాసేపు ఇటు, కాసేపు అటు.

మేష్టారు పరుగున వచ్చారు. "ఏటి సేత్తన్నారర్రా! నోళ్లు ముయ్యండి! ఒక్కరే అరిచి, ఆవిణ్ణి కదలకుండా కూకుని పిలుస్తూ ఉండమనండి!"

నాన్న అలాగే అరిచాడు. తర్వాత నన్ను బడి మిట్ట మీద, నాన్నని వాగు అవతలి గట్టు మీద నిలబెట్టారు. తల మెల్లగా తిప్పుతూ వినాలి, అమ్మ గొంతు ఏ వైపుందో చూసుకుని వచ్చి చెప్పాలి. మంచులో కనబడకపోయినా ఏ వైపు ఏముందో మాకు తెలుసు. నాకు జీలుగు చెట్ల వైపు వినబడింది. నాన్నకి నల్లబండ వైపు. మేష్టారు మట్టిలో రెండు గీతలు లాగారు.

"ఇవెక్కడ కలుస్తాయిరా?"

"గెడ్డ మొదట్లో బాబూ!" అన్నాను.

అమ్మ అక్కడే, వాగు పుట్టే చోట, లోయ అంచున ఉంది. ఇంకాస్త కదిలితే లోయలో పడేదే. నాన్న భోరుమన్నాడు. "ఏడుపేటి, బతికే ఉన్నాను గదా," అంది అమ్మ వణుకుతూనే. ఇవాళ్టికీ నన్ను తిడుతూ తిరుగుతోందంటే ఆ మేష్టారి చలవే.

ఆయన తన కంబళి అమ్మకి కప్పి, ఎదురుగా చతికిలబడి, ఆమె మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయారు.

"ఏటి బాబూ, అలా సూత్తన్నారు?" అంది అమ్మ.

"ఎన్నో ఓడలకి దారి చెప్పానమ్మా. ఒడ్డుకి చేరిన మనిషిని ఇదే చూడ్డం."

కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, ఇంకా చూస్తూనే ఉన్నారు.