వెళ్ళిపోతాను అనే బటన్

తాడేపల్లిగూడెంలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక రైస్ మిల్లు పక్క మేడ మీద ఉండేది. కిటికీ తీస్తే కీబోర్డుల మీద తవుడు పడేది, మూస్తే ఉక్క. మొత్తం ఆరుగురం. వెబ్ ప్రోగ్రాములు నడిపే అప్లికేషన్ సర్వర్ మీద అంతకుముందు పనిచేసినవాణ్ణి నేనొక్కణ్ణే. హైదరాబాదులో రెండేళ్ళు చేసి వచ్చాను. అందుకని దాని గురించి నేనేం చెప్పినా మిగతా అయిదుగురూ తలూపేవారు. అడిగేవాళ్ళు లేని చోట మనిషి త్వరగా చెడిపోతాడు. నేను ఆరు నెలల్లో చెడిపోయాను.

2004 ప్రాంతంలో కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల రైతుల సంఘం ఒకటి మాకు పని ఇచ్చింది. ఏ చెరువులో ఏ రోజు చేపల పట్టుబడి, దానికి ఎన్ని దిమ్మల ఐసు కావాలి, ఏ లారీ వెళ్ళాలి అన్నదంతా అప్పటిదాకా ఫోన్లలో అరుపుల మీద నడిచేది. దాన్ని వెబ్ అప్లికేషన్‌గా చేసి పెట్టాలి. ఏలూరులోని సంఘం ఆఫీసులో సర్వర్, చెరువుల మధ్య ఉన్న ఎనిమిది కేంద్రాల్లో ఒక్కో కంప్యూటరు. పెద్ద కంపెనీ అప్లికేషన్ సర్వర్‌కి లైసెన్సు కొన్నారు. సర్వర్ వచ్చిన రోజున దాని ముందు కొబ్బరికాయ కూడా కొట్టారు. పీచు కీబోర్డులో ఇరుక్కుంటే తీసింది నేనే.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఎవరైనా లాగిన్ అయితే సర్వర్ వాళ్ళకి తన మెమరీలో కొంత జాగా ఇస్తుంది, బంతిలో విస్తరి వేసినట్టు. దాన్ని సెషన్ అంటాం. తిన్నవాళ్ళు విస్తరి మడిచి లేస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది. లాగౌట్ నొక్కడమంటే అదే. నొక్కకుండా లేచిపోతే, సర్వర్ కాసేపు చూసి తనే ఎత్తేస్తుంది. ఆ కాసేపు ఎంతసేపో మనం చెప్పాలి. మామూలుగా అరగంట పెడతారు.

నేను పన్నెండు గంటలు పెట్టాను. ఎందుకంటే, మొదటి వారంలోనే కేంద్రాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. సగం ఫారం నింపి లారీ చూడటానికి వెళ్ళొస్తే నింపిందంతా పోతోందన్నారు. సగం నింపిన ఫారం దాచే ఏర్పాటు చేయడం సరైన మందు. దానికి రెండు వారాల పని. ఒక ఫైల్లో ముప్ఫై తీసి ఏడువందల ఇరవై నిమిషాలని రాయడానికి అర నిమిషం పట్టింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఫిర్యాదులు ఆగినందుకు మా మేడ మీద నాకు పకోడీలు తినిపించారు.

పట్టుబడులు ఎక్కువైన నాలుగో వారంలో సర్వర్ పడిపోయింది. పొద్దున్న పదకొండుకి మెమరీ నిండి ఆగిపోయేది. ఆపి మళ్ళీ మొదలుపెడితే నడిచేది. పది రోజుల్లో మూడుసార్లు జరిగింది. మూడోసారి రెండు చెరువుల్లో వలలు లాగేశాక లారీకి ఇచ్చే ఐసు చీటీ రాలేదు. సంఘం కార్యదర్శి కారణం రాసిమ్మన్నారు. ఆయన ఎవరినీ ఏకవచనంలో పిలవని పెద్దమనిషి. ఆఫీసు గుమ్మంలో పడుకున్న కుక్కని కూడా ‘కాస్త పక్కకి జరగండి’ అంటారని అక్కడివాళ్ళు నవ్వుకునేవారు.

సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ ఫైళ్ళు తీసి చూశాను. ఆపరేటర్లు లాగౌట్ నొక్కకుండా తెర మీది కిటికీ మూసేస్తున్నారు. అందరికన్నా ఎక్కువగా, సరస్సు ఒడ్డునున్న కేంద్రం ఆపరేటర్ రోజుకి నలభై సెషన్లు తెరిచి వదిలేస్తోంది. అదే రాశాను. ఆ కేంద్రం పేరు కింద గీత కూడా గీశాను. నేను పెట్టిన పన్నెండు గంటల మాట మాత్రం రాయలేదు.

రెండు రోజులకి కార్యదర్శి ఫోన్ చేశారు. “ఏవండీ, ఆ ఆపరేటరు గారిని తీసేసి సోమవారం నుంచి ఇంకొకరిని పెడుతున్నామండి. మీరు శనివారం ఒకసారి వెళ్ళి ఆ కంప్యూటరు చూసి రండి.”

శనివారం పొద్దున్నే పాసింజరు పట్టుకుని ఏలూరులో దిగి, అక్కణ్ణుంచి బస్సులో, ఆఖరున ఐసు లారీలో గట్టు వెంట ఆ కేంద్రానికి చేరాను. రేకుల గది. కిటికీ అవతల నీళ్ళు, కొంగలు. నలభై దాటిన ఆవిడ నా కోసం కుర్చీ తుడిచి పెట్టారు. గోడ మీద వాక్యం రాసిన చర్చి క్యాలెండరు ఉంది. భర్త చెరువు పనికి వెళ్తారట, పని ఉన్న రోజు కూలి ఉంటుంది, లేని రోజు లేదు. ఇంటికి నికరంగా వచ్చేది ఈవిడ జీతం ఒక్కటే.

“నావల్లే కంప్యూటరు ఆగిపోతోందంటండి,” అన్నారు. “ఎక్కడ తప్పు నొక్కుతున్నానో చూపించి వెళ్ళండి. రేపు ఇంకోచోట చేరినా పనికొస్తుంది.”

“మామూలుగా ఎలా చేస్తారో చేయండి, చూస్తాను,” అన్నాను.

ఆవిడ చకచకా చీటీ తయారుచేశారు. ఒక్క తప్పు లేదు. బయట లారీ హారన్ వినగానే తెర మూల ఉన్న ఎర్ర గుర్తు నొక్కి కిటికీ మూసేసి లేచారు.

“బటన్ నొక్కలేదేమండీ?”

“ఏ బటనండీ?”

ఆ పేజీ మళ్ళీ తెరిచి చూపించాను. “ఇదిగోనండి, పైన ఉందే.”

ఆవిడ దాన్ని చూసి, “అదాండీ,” అని ఇబ్బందిగా నవ్వారు. అప్పట్లో తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో డబ్బాలుగా కనిపించేవి. అందుకని బటన్లన్నీ నేనే బొమ్మలుగా గీసి పెట్టాను. నిష్క్రమణ అంటే పుస్తకం మాటలా ఉందని, వాడుక తెలుగులో ఉండాలని, లాగౌట్‌కి ‘వెళ్ళిపోతాను’ అని రాశాను. అది రాసిన రోజు చాలా మురిసిపోయాను కూడా.

“పొద్దున్నే పనిలో కూర్చుని, వెళ్ళిపోతాను, వెళ్ళిపోతాను అని రోజుకి నలభైసార్లు ఎలా అంటామండీ?” అన్నారావిడ. “మాకు శకునాలూ అవీ లేవండి. అయినా నోరు రాదు కదండీ.”

గుమ్మంలో నిలబడ్డ లారీ డ్రైవరు అందుకున్నాడు. “ఎక్కడికక్కా వెళ్ళిపోవడం? ముందు నా చీటీ ఇచ్చి వెళ్ళు.”

“చూశారాండీ? ఒకసారి పైకి చదివి నొక్కినందుకు వారం రోజులు ఇదే పాట.”

మిగతా ఏడు కేంద్రాలకీ అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఒకాయన ఆ బటన్ మీద స్టిక్కరు అంటించారట. ఇంకొకాయన, వాళ్ళమ్మ చూసి తిట్టిందని చెప్పారు. నాకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఆగింది. ఎందుకంటే మాట తప్పయినా, సర్వర్ పడిపోయింది మాటవల్ల కాదు. అరగంటే పెట్టి ఉంటే వదిలేసిన సెషన్లన్నీ ఎప్పటికప్పుడు పోయేవి. ఈవిడ ఉద్యోగం తీస్తున్నది నేను మార్చిన అంకె.

ఆవిడ ఆ రోజు కొర్రమీను పులుసుతో అన్నం పెట్టారు. అంత మంచి పులుసు నేను ఎప్పుడూ తినలేదు. అంత కష్టంగా మింగిందీ లేదు. అక్కడే చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు.

సోమవారం ఆఫీసు తెరవకముందే ఏలూరులో కార్యదర్శి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అంతా చెప్పాను, బటన్ మాట ముందు, అంకె మాట తర్వాత. తేలికైనది ముందు చెప్పే అలవాటు అప్పటికింకా పోలేదు నాకు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఏవండీ, ఆ రెండో ముక్క రిపోర్టులో రాయలేదేమండీ?”

“భయమేసిందండి.”

“ఆవిడకి ఉండదా అండీ భయం?”

ఆయన ఫోన్ తీసి కేంద్రానికి కలిపి, “అమ్మా, మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. తప్పు మాదండి,” అని పెట్టేశారు. ‘మాది’ అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు. తర్వాత నాతో, “మీరొక వారం ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ పని చేయండి. అప్పుడు ప్రోగ్రాము రాద్దురుగాని,” అన్నారు.

ముందు ఆ బటన్ని ‘వెళ్ళొస్తాను’గా మార్చాను. అంకెని ముప్ఫైకి దించాను. సగం ఫారాలు దాచే పని ఆ రేకుల గదిలోనే మొదలుపెట్టాను. ఆవిడకి నిజం చెప్పాను. “శనివారం చెప్పి ఉంటే ఆదివారం ప్రార్థనలో ఏడ్చేదాన్ని కాదండి,” అన్నారు. ఆ పైన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మొదటి రోజే అప్పటికే పట్టుబడి అయిపోయిన చెరువుకి లారీడు ఐసు పంపాను. ఆ రైతు ఫోన్లో కేకలేయడం మొదలుపెట్టాడు. ఆవిడ మెల్లగా నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

“కొత్తగా వచ్చారండి. కాస్త ఓర్చుకోండి,” అని, నా వైపు ఒకసారి చూసి, “చదువుకున్నవారేనండి, నేర్చుకుంటారు,” అన్నారు.