అంచులో నక్కిన అధ్యక్షుడు

2023లో నేను ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊళ్లో ఒక ప్రింటింగ్ షాపులో ప్రీప్రెస్ చూసేదాన్ని. అంటే కస్టమర్ ఇచ్చిన ఫైలు మిషన్ ఎక్కేలోపు తప్పులు పట్టే పని. ఎక్కువగా పబ్బుల మెనూలూ, హర్లింగ్ ఆట క్లబ్బుల బ్యానర్లూ. వాటి మధ్య ఒకరోజు లీనా వచ్చింది. కార్టూనిస్టు. వాళ్ల దేశంలో అధ్యక్షుడి ముఖం గీస్తే జైలే. తప్పించుకుని ఐర్లండ్ వచ్చాక ఆమెకిదే మొదటి ఎగ్జిబిషన్, అదీ ఆ సాయంత్రమే.

ఫైలు తెరిచాను. ఖాళీ సింహాసనం, దానికి వంగి దండాలు పెడుతున్న జనం. బాగానే ఉంది గానీ నవ్వు రాలేదు. అలవాటు కొద్దీ బ్లీడ్ చూశాను. బొమ్మ చుట్టూ అదనంగా ప్రింటు చేసి, తర్వాత కోసి పారేసే అంచు అది. లీనా దాన్ని మామూలు కన్నా వెడల్పుగా పెట్టింది. అందులో, కుర్చీ కింద, బొటనవేలంత అధ్యక్షుడు! తివాచీ కొస పళ్లతో కరుచుకుని నక్కి ఉన్నాడు. "ఓరి నీ!" అని తెలుగులోనే అరిచేశాను.

"ఇది కోతలో పోతుందండీ," అన్నాను.

"పోవాలి. నీట్‌గా కోసెయ్యండి."

ఎందుకలా అని అడిగితే అప్పుడు చెప్పింది. అక్కడ సెన్సారు వాళ్లకి కోసిన కాపీ వెళ్లేదట. కటింగ్ మిషన్ దగ్గరి మనిషి కొన్ని కాపీలు కోయకుండా దాచేవాడట. జనంలో చేతులు మారినవి అవే.

"ఆయనకేం కాలేదు కదా?"

"బయటపడ్డాడు. మా వాళ్లందరూ బయటపడ్డారు. నా చెయ్యే ఇంకా అక్కడుంది, దాచి గీయడం మానలేదు."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఇక్కడ సెన్సారు లేదు, ప్రూఫ్ చూసేది నేనే. వాణ్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి, అందరికీ కనపడాలి," అన్నాను. మా ఓనరు ప్యాట్ గడియారం చూసి, "గ్రాండ్, అలాగే కానివ్వండి, మిషన్ ఆపి ఉంచుతాను," అన్నాడు.

లీనా స్క్రీను మీద గీసే పెన్ను పట్టుకుంది. మొదటి గీత చెరిపేసింది. రెండోదీ చెరిపేసింది. ముక్కు దగ్గరికొచ్చేసరికి తనకే ఫక్కున నవ్వొచ్చింది. ఇక ఆగితేనా! ఆరడుగుల షీటు మిషన్‌లోంచి దిగుతుంటే ముందు జుట్టు, తర్వాత నా అరచేతి కన్నా పెద్ద ముక్కు. ప్యాట్ నవ్వలేక గోడకి ఆనుకున్నాడు. నేనైతే చప్పట్లు కొట్టాను.

సాయంత్రం హాలంతా దాని ముందే గుమిగూడింది. "ఎవరు గీశారిది?" అని ఒక పెద్దాయన అడిగాడు. "నేనే!" అంది లీనా, హాలంతా వినపడేలా.

ఫైలు సరిగ్గా ఉందో లేదో చూస్తే చాలదనీ, గీసినావిడ అలా ఎందుకు గీసిందో అడగాలనీ ఆరోజు నేర్చుకున్నాను. అడక్కపోయి ఉంటే, ఆ అంచు శుభ్రంగా కోసేసి ఆ అధ్యక్షుణ్ని జనం నవ్వుల నుంచి నా చేత్తోనే కాపాడి ఉండేదాన్ని.