నెమలి ముక్కలైన సాయంత్రం

మా సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆర్డర్లు లేక పెదనాన్న షెడ్డులో సాంచాలు ఆగిపోయిన రోజులవి. కార్మికులంతా మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు వెళ్లిపోయారు. మిగిలిన ఆఖరివాడు మల్లేశం మామ. ఆయనా సాయంత్రం బస్సుకు సంచి సర్దుకుని వచ్చి కూర్చున్నాడు. చీరకు నెమలి అంచు నమూనా కుదిరి ఆర్డరొస్తే ఇక్కడే ఉండిపోతానన్నాడు.

అంచు డిజైన్ నడిపే కంప్యూటర్ కాలిపోయింది. దొరికిన చవక కంప్యూటర్‌లో ప్రాసెసర్ వేరే రకం. కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన నేను, సాంచాకు ఆజ్ఞలిచ్చే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను దీనికి మార్చడమెంతసేపని గొప్పలు పోయాను.

సాంచా ఆడింది. నెమలి మెడ ఒకచోట, తోక ఒకచోట ముక్కలై పడ్డాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మామ బట్టమీద వేలు పెట్టి పోగులు లెక్కించాడు. "ఎనిమిదెనిమిది పోగులు సక్కగనే ఉన్నయి బిడ్డ. గా కట్టలు పేర్చిన వరుసనే ఉల్టా అయింది."

నిజమే. ఏ పోగు లేవాలో చెప్పే సంఖ్యలో ఎనిమిది పోగులకొక భాగం ఉంటుంది. పాత ప్రాసెసర్ ఆ సంఖ్యలో చిన్న భాగాన్ని ముందు పెడుతుంది, కొత్తది పెద్ద భాగాన్ని. అన్నీ ఒకేలా చదువుతాయనుకున్నాను. సరిచేస్తుండగానే బస్సు హారన్ మోగింది.

"ఒక్క గంట ఆగు మామా!"

"రేపటికి భీవండికి రాకుంటే ఇంకొకల్ని పెట్టుకుంటరట బిడ్డ," అంటూ వెళ్లిపోయాడు.

ఆ గంటలోనే నెమలి నిండుగా వచ్చింది. మామకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిగైంది బిడ్డ. మరి నేసెటోళ్లు ఎవలున్నరు?" అన్నాడు.

ఇప్పుడు ఏ ప్రాసెసర్‌కు డ్రైవర్ రాసినా ముందు దాని వరుసే చూస్తాను. చూసిన ప్రతిసారీ మామ అడిగిన మాటే గుర్తొస్తుంది.