పచ్చ ఆవు బొమ్మ

2003 ఫిబ్రవరిలో నన్ను అనంతపురంలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి అసిస్టెంట్ ప్రోగ్రామరుగా వేశారు. ఆ కార్యాలయం పేరు రాయను. కరువు సహాయక పనుల వివరాలు జనానికి తెలిసేలా ఒక వెబ్‌సైటు తయారుచేయడం నా పని. టైపిస్టుగా చేరి, శాఖాపరమైన పరీక్షలు రాసి, నలభై అయిదేళ్ళకు ఆ హోదాకు వచ్చినదాన్ని. నా పైన ప్రాజెక్టు అధికారి, ఆయన పైన చాలామంది. నా కింద ఒక కంప్యూటరు, ఒక టెలిఫోను లైను.

మేం చేసింది స్టాటిక్ సైటు. అంటే ప్రతి పేజీనీ విడిగా చేత్తో రాసి పెట్టాలి. ఎడమ పక్కన లింకుల పట్టీ ఉంటుంది. ఒక్కో లింకు నొక్కితే ఒక్కో పేజీ తెరుచుకుంటుంది. ఆ పట్టీని ముప్పై నాలుగు పేజీల్లోనూ మళ్ళీ మళ్ళీ రాయాలి. ఒక లింకు మారితే ముప్పై నాలుగు చోట్ల దిద్దాలి. పైగా అప్పట్లో తెలుగు అక్షరాలు ఇంకొకరి కంప్యూటరులో గడులుగానో పిచ్చిగీతలుగానో కనిపించేవి. అందుకని ఊరి పేరు కూడా బొమ్మగా చేసి అతికించేవాళ్ళం.

లింకుల పక్కన చిన్న చిన్న బొమ్మలు పెట్టమని ప్రాజెక్టు అధికారి చెప్పారు. పైవాళ్ళకు కళగా కనిపించాలని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. పట్టీలో ఆరు లింకులు పశువుల శిబిరాలవి. ఆ శిబిరాలకు రైతులు పశువులను తోలుకొస్తే ప్రభుత్వం మేతా నీళ్ళూ ఇచ్చేది. ఒక్కో శిబిరం లింకు పక్కన ఒక ఆవు బొమ్మ పెట్టి, మేత ఉంటే పచ్చ రంగు, మూసేస్తే బూడిద రంగు వేద్దామనుకున్నాను. చదువు రానివాళ్ళకు కూడా తెలుస్తుంది కదా.

బొమ్మ పరిమాణం అడ్డం ఇరవై చుక్కలు, నిలువు ఇరవై. ఒక్కో చుక్కకూ రంగు నింపుతూ గీశాను. మొదటిసారి చూసి అటెండరు, "గాడిద బాగొచ్చింది మేడమ్" అన్నాడు. మూపురం పెంచి, కొమ్ములు వంచి, మూడో రోజుకు ఆవును చేశాను. ఆరు శిబిరాలకూ ఆరు ఫైళ్ళు. ప్రతి పేజీలోనూ ఒక్కో శిబిరం బొమ్మకు ఒకే ఫైలు పేరు రాశాను. దాంతో సర్వరులో ఆ ఒక్క ఫైలు మార్చితే చాలు, అన్ని పేజీల్లోనూ రంగు మారిపోతుంది. ఆ ఉపాయం నాదే. అప్పుడు గర్వంగా ఉండేది.

మార్పు చేసే పద్ధతి ఇలా ఉండేది. మండలం నుంచి సమాచారం రాగానే నేను నోట్ పెట్టాలి. ప్రాజెక్టు అధికారి దానిమీద పొట్టి సంతకం చేయాలి. అప్పుడు ఫోను లైను ద్వారా సర్వరుకు కనెక్టయి ఫైలు ఎక్కించాలి. ఫైలు ఎక్కడానికి నాలుగు నిమిషాలు. సంతకానికి మాత్రం ఇంత సమయమని చెప్పలేం.

ఏప్రిల్‌లో ఎస్టీడీ బూతుల్లో కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్ళను పిలిచి ఒక పూట శిక్షణ ఇచ్చాం. పేజీ మొత్తం తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుందని వాళ్ళు గొణిగారు. "పేజీ మొత్తం వచ్చేదాకా ఆగక్కర్లేదు. లింకు పక్కన ఆవును చూడండి. పచ్చగా ఉంటే మేత ఉన్నట్టే, రైతుకు చెప్పి పంపేయండి" అని నేనే చెప్పాను. రాయదుర్గం వైపు ఒక మండల కేంద్రంలో బూతు నడిపే ఖాజా ఆ మాటను శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాడు. నా ఈడువాడే, నిదానస్థుడు.

మే నెలలో ఒక మంగళవారం అటువైపు శిబిరం ఒకటి మూతపడింది. గడ్డి లారీలు రావడం ఆగిపోయింది. బుధవారం పొద్దున్నే మండలం నుంచి ఫోను వచ్చింది. బూడిద బొమ్మ సిద్ధం చేసి, నోట్ రాసి, స్వయంగా పట్టుకెళ్ళాను. ప్రాజెక్టు అధికారి చదివి పక్కన పెట్టారు. సోమవారం పైనుంచి తనిఖీ బృందం వస్తోందని, ఆరుకు ఆరూ పచ్చగా ఉంటేనే బాగుంటుందని, మంగళవారం మార్చుకుందామని అన్నారు. ఈలోగా ఎవరైనా పశువులను తోలుకుపోతే ఎలా అని అడిగాను. వెబ్‌సైటు చూసి గొడ్లు తోలేవాళ్ళు ఎవరమ్మా అని నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

సర్వరు పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. ప్రోగ్రామరు పదోన్నతి జాబితా ఆయన బల్లమీద ఉంది. నేను మార్చలేదు.

సోమవారం బృందం వచ్చింది. తెరమీద ఆరు ఆవులూ పచ్చగా ఉన్నాయి. ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయని, ఎవరు గీశారని అడిగాడు. ప్రాజెక్టు అధికారి, "మా టీమ్" అన్నారు. మంగళవారం సంతకం పెట్టారు, బొమ్మ మార్చాను.

గురువారం ఖాజా ఒక రైతును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి పేరు ఎర్రిస్వామి. యాభై దాటి ఉంటాయి. గది గుమ్మంలోనే నిలబడిపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఖాజానే మొదలుపెట్టాడు. "అక్కా, శుక్రవారం ఈయనొచ్చి గడ్డి క్యాంపు యాడుండాది అని అడిగినాడు. నేను చూస్తి. పచ్చగా ఉండె. పోప్పా అని పంపిస్తి. నువ్వు చెప్పినట్లే చేసినా గదా అక్కా?"

అవునన్నాను.

మిగతాది ఎర్రిస్వామి చెప్పాడు. ఆయనకు రెండు ఎద్దులు, ఒక చూడి ఆవు. శనివారం తెల్లారేసరికి తోలుకుని బయలుదేరాడు. దారిలో నీళ్ళు ఒక్కచోటే దొరికాయి. ఆదివారం మధ్యాహ్నానికి చేరేసరికి అక్కడ ఖాళీ పందిళ్ళు, పాత పేడ, గేటుకు బీగం. వెనక్కి వస్తుంటే ఆవు దారిలోనే కూలబడింది. మళ్ళీ లేవలేదు. ఎద్దులకు ఇంటిదాకా నడిచే సత్తువ లేదని, అటుగా పోతున్న కబేళా లారీకి ఎక్కించేశాడు.

"ఆ బొమ్మ నాకొకసారి సూపీమ్మా" అన్నాడు.

తెర తిప్పి చూపించాను. దగ్గరకు వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు.

"ఇది పచ్చగా లేదే. ఎవురు మార్చినారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"మొన్న మంగళవారం."

"క్యాంపు మూసిండేది ఎప్పుడమ్మా?"

అబద్ధం చెప్పవచ్చు. ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. అంతకు ముందు మంగళవారం మూశారని, నాకు బుధవారమే తెలుసని చెప్పాను.

ఆయన కేకలు వేస్తాడని అనుకున్నాను. వేసి ఉంటే బాగుండేదేమో. "తెలిసీ అట్లే పచ్చగా పెట్టింటివా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఖాజావైపు తిరిగి, "పోదాం పదప్పా, ఈయమ్మతో మాటలేంటికి. వానొస్తే సేద్యం ఎట్ల చేసేది, అది సూసుకోవల్ల" అని బయటికి నడిచాడు. ఖాజా నావైపు చూడకుండా వెనకే వెళ్ళాడు. మళ్ళీ అతని బూతు నుంచి మా కార్యాలయానికి ఒక్క ఫోనూ రాలేదు.

ఆ సాయంత్రమే జరిగినదంతా నోట్ రాశాను. నోట్ ఆలస్యంగా ఆమోదించడం వల్ల ఒక రైతు మూడు పశువులను పోగొట్టుకున్నాడని, ఆయనకు ఎద్దులు ఇప్పించాలని రాశాను. వారం తర్వాత ఆ కాగితం "చూశాను, ఫైలు చేయండి" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. రెండోసారి రాశాను. రెండోది తిరిగి కూడా రాలేదు. వెబ్‌సైటు బొమ్మలు ఆకర్షణీయంగా ఉన్నాయని పైనుంచి వచ్చిన ప్రశంసాపత్రం నకలు మాత్రం నాకు భద్రంగా అందింది. మరుసటి ఏడు ప్రోగ్రామరునయ్యాను. ఆ హోదాతోనే రిటైరయ్యాను. నెలనెలా వచ్చే పింఛనులో ఆ పదోన్నతి తాలూకు వాటా కూడా ఉంది.

ఆ తర్వాత నేను చేసిన ప్రతి సైటులోనూ లింకు పక్కన బొమ్మ పెట్టినప్పుడల్లా దాని కింద చివరిసారి సరిచూసిన తేదీ వేశాను. అది అందాన్ని చెడగొడుతోందని ఇద్దరు అధికారులు తీయించబోయారు. నేను తీయలేదు. ఒకాయన మెమో ఇచ్చారు, జవాబు రాశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు నన్ను అడిగితే బొమ్మ గీయడం గంటలో నేర్పుతాను. మిగిలింది ఒక్కటే. మనం పెట్టిన సమాచారం తప్పని మనకు తెలిసిన నిమిషం నుంచి అది మనం చెబుతున్న అబద్ధం. సంతకం ఎవరిదైనా సరే, ఆ బుధవారం నుంచి మంగళవారం దాకా ఎర్రిస్వామికి అబద్ధం చెప్పింది నేను.